గిమ్మిక్ పత్తాలతో మ్యాజిక్: కొనేటప్పుడు, చేసేటప్పుడు, జేబులో పెట్టేటప్పుడు

దసరాకు బావలు, బామ్మర్దులు, చిన్నాయన పిల్లలు అందరూ ఇంట్లో చేరినప్పుడు ఒక పత్తాల మ్యాజిక్ చేసి చూపించాలని మీకు ఉంది, కానీ ఏళ్ల తరబడి చేతివాటం నేర్చుకునే ఓపిక లేదు. అలాంటివాళ్ల కోసమే గిమ్మిక్ పత్తాలున్నాయి. అంటే పైకి మామూలు పేక కట్టలాగే కనబడుతుంది, లోపల ఏదో ఒక మార్పు చేసి ఉంటుంది, అసలు కిటుకు పని అదే చూసుకుంటుంది. ఇంత సులువైతే అందరూ చేసేవాళ్లే కదా అంటారేమో. చిక్కంతా ఇక్కడే ఉంది. కట్ట తన పని తాను చేస్తుంది గాని "ఏదీ, ఇటియ్యి బావా, నేనొకసారి చూస్త" అని చెయ్యి చాపే మనిషిని అది ఆపలేదు. ఆ మాట ఎవరి నోటా రాకుండా చూసుకోవడమే మీ పని, సాధన అంతా దానికోసమే.

ముందు ఏ కట్ట కొనాలి అన్న సంగతి. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో ఒకాయన నిలబడి కట్టను చేతిలోంచి చేతిలోకి జార్చుతూ, అన్నీ వేరే వేరే పత్తాలు అని చూపించి, మరుక్షణం అన్నీ ఒకే పత్తాగా మార్చేస్తుంటాడు, మీరూ చూసే ఉంటారు. అది స్వెంగాలి కట్ట. 1909లో అమెరికాలో బర్లింగ్ హల్ అనే ఇంద్రజాలికుడు దానికి పేటెంట్ తీసుకున్నాడు. వందేళ్లు దాటినా ఇప్పటికీ అమ్ముడుపోతోందంటే దాని బలం అర్థం చేసుకోండి. కానీ మొదటి కట్టగా నేను దాన్ని చెప్పను, ఎందుకో కింద చెప్తాను. మీరు కొనేది ఏదైనా సరే, దాని వెనక వైపు డిజైన్‌, రంగు, సైజు అచ్చంగా అలాగే ఉండే మామూలు కట్ట ఇంకొకటి అదే రోజు కొనండి. ఇది వదిలేశారంటే మిగతాదంతా వృథా. పోకర్ సైజు పత్తా 63 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, బ్రిడ్జ్ సైజు 57 ఉంటుంది, పొడుగు రెండిటికీ దాదాపు 88. ఇంట్లో రమ్మీకి వాడే సన్న పత్తాలు ఒక చేతిలో, వెడల్పు గిమ్మిక్ కట్ట ఇంకో చేతిలో ఉంటే చిన్నపిల్లాడికి కూడా తేడా తెలిసిపోతుంది. బైసికిల్ అనే బ్రాండు పత్తాల రైడర్ బ్యాక్ డిజైన్‌లో మామూలు కట్టలు, గిమ్మిక్ కట్టలు రెండూ సులువుగా దొరుకుతాయి కాబట్టి మ్యాజిక్ చేసేవాళ్లు ఎక్కువగా దాన్నే పట్టుకుంటారు.

డబ్బు పెట్టకముందే ఒకటి ఇంట్లో చేసి చూడండి. పొట్టి పత్తా. పాత కట్టలోంచి ఒక పత్తా తీసి, దాని పొట్టి అంచు ఒకదాన్ని ఒక మిల్లీమీటరు కంటే తక్కువే, స్టీలు స్కేలు పెట్టి బ్లేడుతో నీటుగా కోయండి. కోసిన వైపు మూలలు మొనదేలి ఉంటాయి, గోర్లు కత్తిరించే కట్టర్‌తో వాటిని మళ్లీ గుండ్రంగా చేయండి. కట్టలో పెట్టి, ఆ అంచు దగ్గర బొటనవేలితో పత్తాలను పైకి ఎత్తి కింది నుంచి ఒక్కొక్కటిగా వదులుతూ పోతే, పొట్టి పత్తా దగ్గరికి రాగానే 'టక్' మని చిన్న చప్పుడు వస్తుంది, వేలికి కూడా తెలుస్తుంది. అక్కడ ఆగడం మొదట్లో కష్టం. టీవీ చూసుకుంటూ చేయండి, నాలుగు రోజుల్లో వేలు దానంతట అదే ఆగుతుంది.

దీంతో ట్రిక్ ఇలా. పొట్టి పత్తా కట్టకు అన్నిటికన్నా పైన పెట్టుకుని మొదలుపెట్టండి. కట్టను విప్పి ఎదుటివాళ్లతో మధ్యలోంచి ఏదైనా ఒకటి తీయించండి, వాళ్లు చూసుకున్నాక కట్ట పైన పెట్టమనండి. ఇప్పుడు వాళ్ల పత్తా పొట్టి పత్తా మీద కూర్చుంది. కట్టను ఒకసారి కోసి, అంటే రెండు భాగాలుగా ఎత్తి, కిందిది పైకి వేయండి, తర్వాత వాళ్లనే కోయమనండి, ఇంకొకరిని కూడా. ఎన్నిసార్లు కోసినా ఆ జంట విడిపోదు (కలపడం మాత్రం వద్దు, కోయడమే). తర్వాత మీరు కట్ట తీసుకుని బొటనవేలితో వదులుతూ పోండి. టక్ అన్నచోట ఆగితే పొట్టి పత్తా కింది భాగానికి పైన ఉంటుంది, వాళ్ల పత్తా మీ చేతిలోని పై భాగానికి అడుగున ఉంటుంది. పై భాగం తిప్పి చూపించడమే. ఒక్కోసారి కోత సరిగ్గా ఆ రెండిటి మధ్యనే పడుతుంది, అప్పుడు పొట్టిది కట్ట పైకి, వాళ్లది కట్ట అడుక్కి వచ్చేస్తాయి. టక్ చివరిదాకా రాకపోతే కంగారు పడకుండా అడుగు పత్తా చూడండి, అదే.

ఇది బాగా వచ్చాక మొదటి కట్టగా స్ట్రిప్పర్ కట్ట కొనండి. ఇందులో ప్రతి పత్తా ఒక చివర కొంచెం వెడల్పుగా, ఇంకో చివర కొంచెం సన్నగా ఉంటుంది, కంటికి తెలియనంత తేడా. ఇది నిజానికి మ్యాజిక్ వాళ్ల కంటే ముందు జూదగాళ్ల చేతుల్లో తిరిగిన వస్తువు. నాకు ఇదెందుకు ఇష్టమంటే, ఎదుటివాళ్ల చేతికిచ్చి కలపమనొచ్చు. స్వెంగాలిని అలా ఇచ్చారంటే కథ అక్కడితో ముగిసింది.

చేసే తీరు: అన్ని వెడల్పు చివరలు ఒకే వైపు ఉండేలా కట్ట సర్దుకోండి. ఒకటి తీయించండి. వాళ్లు ఆ పత్తా చూసుకుని పక్కవాళ్లకు చూపించేటప్పుడు, అంటే కళ్లన్నీ ఆ పత్తా మీదున్నప్పుడు, మీరు కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంటూ వెనక చివర ముందుకు వచ్చేలా తిప్పేయండి. ఇప్పుడు వాళ్లు పత్తా మధ్యలో పెడితే దాని వెడల్పు చివర మిగతావాటి సన్న చివర దగ్గరికి వచ్చింది. ఎంత కలిపినా ఫర్వాలేదు. కట్ట మీ చేతికి వచ్చాక సన్న చివర దగ్గర రెండు పక్కలా బొటనవేలు, మధ్యవేలు ఆనించి మెల్లగా లాగితే ఆ ఒక్క పత్తా బయటికి జారుతుంది. దాన్ని అలా ఒంటరిగా లాగి చూపించొద్దు. కట్ట కోస్తున్నట్టే చెయ్యి కదిలించి, దాన్ని లాగి పైన వేసేయండి, చూసేవాళ్లకు మామూలు కోతలా ఉంటుంది. ఆ తర్వాత పైనుంచి ఎలా చూపిస్తారో మీ ఇష్టం.

రెండు జాగ్రత్తలు. కొందరు పత్తా చూసుకుని చేతిలో అటూ ఇటూ తిప్పేస్తారు. వాళ్లు తలకిందులు చేసి ఇస్తున్నారని గమనిస్తే మీరు కట్టను మళ్లీ వెనక్కి తిప్పండి, లెక్క సరిపోతుంది. అందుకే కట్ట మీద కాదు, వాళ్ల వేళ్ల మీద కన్నుండాలి. రెండోది, మన దగ్గర రమ్మీ బాగా ఆడినవాళ్లకు పత్తాలన్నీ చాప మీద పరిచి రెండు చేతులతో పిసికే అలవాటుంటుంది. స్ట్రిప్పర్ కట్టను అలా పిసికారంటే చివరలన్నీ కలగలిసిపోతాయి, మీరు ఇంటికి పోయి ఒక్కొక్కటి వెతికి సర్దుకోవాల్సిందే. కాబట్టి కట్ట ఇచ్చేటప్పుడే "చేతిలోనే కలుపు మామా, కింద పడితే దుమ్మవుతయి" అనేయండి. కారణం చెప్తే ఎవరూ అనుమానించరు. ఊరికే వద్దంటేనే అనుమానం.

స్వెంగాలి సంగతికొస్తే, అందులో సగం, అంటే 26 పత్తాలు, ఒకే పత్తా, ఉదాహరణకు అన్నీ ఆటీన్ రాణులు. ఇవి పొట్టివి. మిగతా 26 మామూలు పొడుగువి, అన్నీ వేరే వేరే. పొట్టిది ఒకటి పొడుగుది ఒకటి చొప్పున, ప్రతి పొట్టిదాని కింద ఒక పొడుగుది ఉండేలా పేర్చి ఉంటాయి. కట్ట రెండు చివర్లు పట్టి పైకెత్తితే వేళ్లకు పొడుగువే తగులుతాయి కాబట్టి, ఎక్కడ కోసినా కింది భాగం పైన ఆటీన్ రాణే ఉంటుంది. కట్టను బొమ్మ వైపు (అంకెలు, గుర్తులు ఉండే ముందు వైపు) చూసేవాళ్లకు కనబడేలా వంచి చేతిలోంచి చేతిలోకి జార్చితే పత్తాలు జంటలుగా పడతాయి, రాణులు పొడుగువాటి వెనక దాక్కుంటాయి, చూసేవాళ్లకు అన్నీ వేరే వేరేగా కనబడతాయి. కిటుకంతా ఇంతే.

ఎవరైనా ఆపమన్నచోట ఆగి, పై భాగం ఎత్తి, కింది భాగం మీది పత్తా వాళ్లనే తీసి చూసుకోమనండి, మీరు తల పక్కకు తిప్పుకోండి. తర్వాత పెట్టించి, కోయించి, ఇక మనసు చదివినట్టు నటించాలి. ఇక్కడ చాలామంది చేసే పాడు పని ఏంటంటే, చివర్లో అన్నీ రాణులే అని చూపించేస్తారు. జాతరలో అమ్మేవాడు అలా చూపించాలి, కట్ట అమ్ముకోవాలి కదా. మీరు అమ్మడం లేదు. అన్నీ ఒకే పత్తా అని చూపించగానే "ఓ ఇది మ్యాజిక్ పత్తాల కట్టనా" అని తేలిపోతుంది, అంతకుముందు చేసిన మంచి ట్రిక్ కూడా దాంతోపాటే పోతుంది. ఒక్క పత్తా చెప్పి ఆగిపోండి. అదే కట్టతో అదే మనుషుల ముందు రెండోసారి వద్దు, మళ్లీ ఆటీన్ రాణే వస్తుంది మరి. అందుకే మొదటి కట్టగా దీన్ని చెప్పనన్నాను, చేయడం సులువు, దాచడం కష్టం.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప గిమ్మిక్ కట్ట, ఇన్విజిబుల్ డెక్. 1936లో జో బెర్గ్ అనే ఇంద్రజాలికుడు దీనికి మూలమైన కట్ట తెచ్చాడు. చూసేవాళ్లకు ఎలా ఉంటుందంటే, డబ్బాలో పెట్టిన కట్ట మొదటినుంచీ అందరి ముందు ఉంటుంది, ఒకరు మనసుకు తోచిన పత్తా పేరు చెప్తారు, కట్ట తీసి పరిస్తే అన్నీ బొమ్మ వైపు ఉంటాయి, సరిగ్గా వాళ్లు చెప్పిన ఆ ఒక్కటే తిరగబడి ఉంటుంది. ఇది ఇంట్లో కూడా చేసుకోవచ్చు, కాస్త ఓపిక కావాలి.

ఒక కొత్త మామూలు కట్ట తీసుకోండి, జోకర్లు పక్కన పెట్టండి. పెయింట్ షాపులో గాని ఆర్ట్ సామాను దొరికేచోట గాని రంగులేని మ్యాట్ స్ప్రే అడగండి, మెరిసేది కాదు. డాబా మీద గాలి లేని పూట న్యూస్‌పేపర్ పరిచి, పత్తాల వెనక వైపు పైకి ఉండేలా వరసగా పెట్టి, పల్చగా ఒక పూత కొట్టండి, ఆరాక ఇంకోటి. దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి లాంటివి ఉండొద్దు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బొమ్మ వైపు చుక్క కూడా పడొద్దు. ఈ పూత వల్ల వెనక వైపు గరుకుగా అవుతుంది, రెండు గరుకు వైపులు ఒకదానికొకటి ఆనితే మెల్లగా అంటుకున్నట్టు కలిసి కదులుతాయి, బొమ్మ వైపులు మాత్రం నున్నగా జారుతాయి.

ఆరాక జంటలు కట్టాలి, వీపుకు వీపు ఆనించి. లెక్క తేలిక, రెండూ కలిపితే 13 రావాలి. ఆసుకు రాణి (1, 12), రెండుకు జాకీ, మూడుకు పది, నాలుగుకు తొమ్మిది, ఐదుకు ఎనిమిది, ఆరుకు ఏడు. రాజుకు రాజే. రంగుల్లో ఇస్పేట్‌కు ఎప్పుడూ ఆటీన్, కళావర్‌కు ఎప్పుడూ డైమన్. ఇక జంటలన్నీ ఒకే తీరులో పేర్చాలి, సరి సంఖ్యలన్నీ (రాణి 12 కాబట్టి సరి) ఒక వైపు, బేసి సంఖ్యలన్నీ (జాకీ 11) రెండో వైపు. రాజులకు ఒక గుర్తు పెట్టుకోండి, నల్ల రాజులు సరి వైపు, ఎర్ర రాజులు బేసి వైపు. ఇప్పుడు కట్టను ఒక వైపు నుంచి చూస్తే 26 సరి బొమ్మలు, తిప్పితే 26 బేసి బొమ్మలు. డబ్బాలో పెట్టి, సరి వైపు ఏదో తెలిసేలా డబ్బా మీద మీకు మాత్రమే కనబడే చిన్న పెన్సిల్ చుక్క పెట్టండి.

ట్రిక్ చేసేటప్పుడు "జోకర్ కాకుండా ఏదైనా ఒక పత్తా అనుకో వదినా" అనండి. ఆమె ఇస్పేట్ ఎనిమిది అందనుకోండి. ఎనిమిది సరి, అంటే దాని జత బేసి వైపున ఉంది, కాబట్టి డబ్బాలోంచి తీసేటప్పుడే బేసి వైపు పైకి వచ్చేలా తీయండి. పరుస్తూ పోతే అన్నీ బొమ్మలే కనబడతాయి. ఎనిమిదికి ఐదు, ఇస్పేట్‌కు ఆటీన్, అంటే మీరు వెతకాల్సింది ఆటీన్ ఐదు. అది కనబడగానే బొటనవేలి ఒత్తిడి కొంచెం తగ్గించి దాన్ని పక్కకు తోస్తే దాని కింది పత్తా విడిపోయి వెనక వైపు బయటపడుతుంది. అదే ఇస్పేట్ ఎనిమిది. దాన్ని మీరు తిప్పొద్దు, వదినతోనే తిప్పించండి. ఇస్పేట్ రాజు అంటే? నల్ల రాజు సరి వైపు, కాబట్టి మళ్లీ బేసి వైపే పైకి, ఆటీన్ రాజు దగ్గర విడదీయాలి. బజారుకు నడిచేటప్పుడు మనసులో ఏదో ఒక పత్తా అనుకుని దాని జత, వైపు రెండూ చెప్పుకుంటూ పోండి. పేరు విన్న రెండు క్షణాల్లో జవాబు రావాలి, లేకపోతే ఆలోచిస్తున్న ముఖం దొరికిపోతుంది.

పరిచేటప్పుడు మరీ నింపాదిగా వద్దు. రోజూ రమ్మీ ఆడే కాకా ఎవరైనా ఎదురుగా ఉంటే, అన్నీ బేసి పత్తాలే కనబడుతున్నాయని పట్టేస్తాడు, ఆ కళ్లు వేరు. కావాల్సిన పత్తా రాగానే ఆగిపోండి, కట్ట చివరిదాకా పరచాల్సిన పనే లేదు. ఇంకో మాట, ఫ్యాన్. గరుకు పూత ఉన్నా సరే, సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే పరిచిన జంటలు లేస్తాయి. ఫ్యాన్ తగ్గించమని ముందే, ట్రిక్ మొదలుకాకముందే అడగండి. సంక్రాంతికి సకినాలు తింటూ ఉన్న చేతులతో కూడా ఎవరికీ పత్తా అందించొద్దు, నూనె అంటితే స్ట్రిప్పర్ జారదు, గరుకు పూత పట్టదు.

రెండు వైపులా వెనక డిజైన్ ఉండే పత్తాలు, రెండు వైపులా బొమ్మలుండేవి కూడా దొరుకుతాయి. కాగితం పత్తాలైతే ఇంట్లో కూడా చేయొచ్చు, కాగితం పత్తా లోపల రెండు పొరలు జిగురుతో అంటించి ఉంటాయి, ఒక మూలను గోటితో మెల్లగా విడదీసి లాగితే పొరలు ఊడతాయి, కావాల్సిన రెండు పొరలు మళ్లీ అంటించి బరువు కింద ఒక రాత్రి ఉంచాలి. పూర్తి ప్లాస్టిక్ పత్తాలతో ఇది కుదరదు. ఇవి లోతైన సంగతులు, పై మూడు కట్టలు చేతికొచ్చాక చూసుకోండి.

ఇక మొదట్లో చెప్పిన "ఇటియ్యి బావా" సంగతి. అదే డిజైన్ మామూలు కట్ట కొనమన్నది ఇందుకే. మామూలు కట్ట లాల్చీ జేబులో ముందే ఉండాలి. గిమ్మిక్ ట్రిక్ అయిపోగానే, వాళ్లు నవ్వుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ కాస్త సమయంలో, పని అయిపోయినట్టు కట్టను డబ్బాలో పెట్టి అదే జేబులో వేసేయండి. చాయ్ తాగండి. ఎవరో ఒకరు "మల్లొకటి చెయ్యి" అంటారు, అనకుండా ఉండరు. అప్పుడు జేబులోంచి బయటికొచ్చేది మామూలు కట్ట. దాన్ని వాళ్ల చేతికే ఇచ్చి కలపమనండి, లెక్కపెట్టుకోనివ్వండి, వెలుతురులో పెట్టి చూసుకోనివ్వండి. ఇంతకుముందు చేసింది కూడా ఇదే కట్టతోనే అని వాళ్లే నమ్మేస్తారు, మీరు ఒక్క అబద్ధం చెప్పక్కర్లేదు. రెండు కట్టలూ ఒకే రకంగా నలిగి ఉండాలి, ఒకటి కొత్తగా తళతళలాడి ఇంకోటి మాసిపోయి ఉంటే దొరికిపోతారు, అందుకే మామూలు కట్టను కూడా ఇంట్లో రోజూ వాడుతూ ఉండండి.

ఈ కట్టలు ఏ కారణంతోనూ డబ్బులు పెట్టి ఆడేచోటికి తీసుకుపోకండి. సరదాకే అయినా సరే. స్ట్రిప్పర్ కట్టతో రమ్మీకి కూర్చోవడం మ్యాజిక్ కాదు, మోసం, ఊర్లో ఆ మాట ఒకసారి పడితే మళ్లీ పోదు. పైగా పేకాట మీద మన తెలంగాణలో గేమింగ్ చట్టం గట్టిగానే ఉంది, 2017లో సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా అందులోకి తెచ్చారు. మ్యాజిక్‌కు దాంతో సంబంధం లేదు, కానీ పత్తాలు చుట్టూ పదిమంది, మధ్యలో నోట్లు కనబడితే దూరం నుంచి చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది? నోటుతో చేసే ట్రిక్ కూడా ఉంటే దాన్ని ఇంకో పూటకు పెట్టుకోండి.

వానాకాలంలో పత్తాలు తేమ పీల్చుకుని వంగుతాయి. వాడాక డబ్బాలో పెట్టి పుస్తకాల బరువు కింద ఉంచండి. గరుకు పూత కొన్నాళ్లకు అరుగుతుంది, జంటలు వాటంతటవే విడిపోవడం మొదలైతే మళ్లీ ఒక పల్చని పూత.

ఇంత చేసినా ఏదో ఒక రోజు ఒక పిల్లాడు "నాకు రెండు రాణులు కనబడ్డయి" అని అందరిముందే అరుస్తాడు. కట్టను వెనక్కి లాక్కోవడం, ముఖం మాడ్చుకోవడం రెండూ వద్దు. "అబ్బో, నీ కండ్లు గట్టిగున్నయి రా" అని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, స్వెంగాలి డబ్బాలోకి, డబ్బా జేబులోకి. పొట్టి పత్తా పైన పెట్టుకున్న మామూలు కట్ట బయటికి తీసి, ఈసారి పత్తా వాడితోనే తీయించండి, కోయడం కూడా వాడితోనే.